పాట నడుమ కోసేస్తే ఎలాగండీ?

అమలాపురం శ్రోత: నిన్న రాత్రి రావులపాలెం వంతెన మీద, ఫ్రెండ్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో అమెరికా రాక్ బ్యాండ్ ది డోర్స్ వాళ్ల ‘లైట్ మై ఫైర్’ వచ్చింది. నడుమ ఆర్గాన్, అదే ఆ కీబోర్డు లాంటి వాద్యం, అందుకుంటుందని స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ ఎదురుచూశాను. అందుకోలేదు. సరాసరి చివరి చరణం! ఆల్బమ్‌లో దాదాపు 7 నిమిషాల పాట, ఇది 3 నిమిషాలు కూడా లేదు. ఆర్గాన్, దాని వెనకే గిటార్, ఆ రెండే కదండీ పాటకి ప్రాణం! ఎందుకు తీసేశారు?

భీమవరం: అప్పట్లో అమెరికా రేడియోలకి మూడు నిమిషాల పాటలే కావాలి. అందుకే సింగిల్‌కి, అంటే పాటని విడిగా అమ్మే చిన్న రికార్డుకి, కోశారు. 1967లో ఆ ముక్కే అక్కడ నంబర్ వన్ అయింది. నాకూ బాధేనండీ.

నరసాపురం: మా తాతగారి 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ ప్లేట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాలే పాడేవి. పెద్ద పద్యమైతే సగంలో ఆపి, ప్లేటు తిప్పి, ముల్లు మళ్లీ పెట్టేవారు. మేం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. తిప్పినా ఫరవాలేదు, కోయకూడదు.

అమలాపురం శ్రోత: ఆయ్, నా బాధా అదేనండీ. ఇవాళ ఆల్బమ్ పాటే ఎక్కించుకున్నాను.