అప్‌డేట్: ఓడ దిగి అల్ ఐన్ వెళ్లొచ్చాం

ఓడ అబుదాబీలో ఒక్క పగలే ఆగుతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా తిరిగి ఎక్కాలి, ఈలోగా ఒయాసిస్ ఉన్న అల్ ఐన్ ఊరికి సొంతంగా వెళ్లి రావచ్చా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. ఓడవాళ్ల టూర్ తీసుకోకుండా కారు మాట్లాడుకున్నాం. ఒకవైపే దాదాపు 160 కిలోమీటర్లు, గంటన్నర పైనే పట్టింది.

ఎండ ముదరకముందే ఒయాసిస్ చూసేయమన్నవాళ్లకు థాంక్స్. ఒయాసిస్ అంటే ఇసుక మధ్య ఒక మడుగు, నాలుగు చెట్లు అనుకుని వెళ్లాను. తీరా చూస్తే ఊరి నడిబొడ్డున లక్షకు పైగా ఖర్జూర చెట్లు! గోడల మధ్య సన్నటి దారులు, నీడలోకి అడుగుపెట్టగానే చల్లగా ఉంది. ఫలజ్ అనే కాలువల దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోయాను. దూరంలోని భూగర్భజలాన్ని నేల వాలు ఆధారంగా తోటల దాకా తెచ్చే పాత పద్ధతి ఇది. ఒకాయన చిన్న అడ్డు తీయగానే నీళ్లు చెట్ల పాదుల్లోకి గలగలా పారాయి. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన అల్ ఐన్ ప్రదేశాల్లో ఈ ఒయాసిస్ కూడా ఉంది.

అల్ జాహిలీ కోటకి అరగంటే ఇచ్చాం. జెబెల్ హఫీత్ కొండ వదిలేశాం.

టెన్షన్ పడింది ఒక్కసారే. ఒయాసిస్‌కి గేట్లు చాలా ఉన్నాయి, మేమొక గేటులో, డ్రైవర్ ఇంకో గేటులో! ఇరవై నిమిషాలు పోయాయి. దిగిన గేటు ఫోటో తీసి పెట్టుకోండి.

నాలుగుంపావుకి ఓడలో ఉన్నాం.