విశాఖ పూర్ణా మార్కెట్ సరుకు: ట్రాన్స్‌పోర్టు ఆఫీసులన్నీ ఒకే తెర మీదికి రావాలా, వద్దా?

పూర్ణామార్కెట్_కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:40

మొన్న శనివారం పొద్దున రెండు గంటల్లో మా షాపు ముందు మూడు ట్రక్ ఆటోలు ఆగాయి. మూడూ గాజువాక ఆటోనగర్ నుంచే. ఒకదాంట్లో మాకు రెండు కేసుల సబ్బులు, ఇంకోదాంట్లో ఒక బస్తా, మూడోదాంట్లో నాలుగు అట్టపెట్టెలు. మూడో బండి డాలా (వెనక తలుపు) దించి చూస్తే సగానికి పైగా ఖాళీ. మూడూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీల మధ్య ఇరుక్కుని వచ్చినవే.

మన ఊరికి ఒకపక్క సముద్రం, ఒకపక్క కొండలు, నడుమ పోర్టు. ఇంకో రోడ్డు వేద్దామన్నా చోటేదీ? ఉన్న రోడ్డు మీద బళ్ళు తగ్గించుకోవడమే దారి. నేనడిగేది ఇంతే. రేపు ఏ సందుకి ఎన్ని కేసులు వెళ్ళాలో ఆఫీసులన్నీ రాత్రికల్లా కంప్యూటర్లో ఒకే తెర మీద ఎక్కించాలి. ఒక సందుకి ఒక బండి చాలు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఎందుకో చెప్పండి.

ఆటోనగర్_బుకింగ్ | రాత్రి 10:05

నాకుంది. 26 ఏళ్ళుగా బుకింగ్ ఆఫీసు నడుపుతున్నాను బాబూ. మీరడిగేది బళ్ళ లెక్క కాదు, నా పార్టీల, అంటే నా ఖాతాదారుల జాబితా.

సీతమ్మధార_కోడర్ | రాత్రి 10:22

బుకింగ్ గారూ, పోర్టుల్లో ఇది ఎప్పుడో మొదలైంది. కంటైనర్లకి ఆర్ఎఫ్ఐడీ ట్యాగు (రేడియో సిగ్నల్‌తో చదివే బిళ్ళ) కట్టి, నంబరు కొడితే ఎక్కడుందో చూపించే లాజిస్టిక్స్ డేటా బ్యాంకు 2016లో ముంబయి దగ్గర నవా శేవాలో మొదలై మిగతా పోర్టులకి పాకింది. 2022 సెప్టెంబరులో నేషనల్ లాజిస్టిక్స్ పాలసీతో పాటు యూలిప్ వచ్చింది. వాహన్ (బళ్ళ రిజిస్ట్రేషన్లు), ఫాస్టాగ్ (టోలు), రైల్వే, కస్టమ్స్, ఇలా ఎవరి దగ్గర వాళ్ళు దాచుకున్న సమాచారాన్ని కలిపే వేదిక అది. జపాన్‌లో ఫుకుఓకాలో తెంజిన్ అని పెద్ద బజారు ఉంది. అక్కడ 1978 నుంచీ పోటీ ట్రాన్స్‌పోర్టు కంపెనీలే సరుకంతా ఒకచోట చేర్చి ఉమ్మడి బళ్ళలో పంచుతున్నాయి. అక్కడ అయింది ఇక్కడెందుకు కాదు?

పన్నుల_లెక్క | రాత్రి 10:31

ఈ-వే బిల్లు, అదే సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే జీఎస్‌టీ కాగితం, దాని సంగతి ఎవరూ మాట్లాడరేం? సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే బిల్లు ఉండాలి. ఒక ట్రాన్స్‌పోర్టరు సరుకు ఇంకొకరి బండెక్కితే ఆ బిల్లు రెండోవాళ్ళకి అప్పజెప్పాలి. అది ఎవరు చేస్తారు?

పూర్ణామార్కెట్_కుర్రాడు | రాత్రి 10:40

ట్రాన్స్‌పోర్టరు గోడౌను నుంచి షాపుకి, రాష్ట్రం లోపల 50 కిలోమీటర్ల లోపు అయితే పార్ట్-బిలో (బిల్లులో బండి వివరాలు రాసే భాగం) బండి నంబరు మార్చక్కర్లేదు. గాజువాక నుంచి పూర్ణా మార్కెట్‌కి అందులో సగం కూడా లేదు.

పన్నుల_లెక్క | రాత్రి 10:44

అది అదే ట్రాన్స్‌పోర్టరు డెలివరీ ఇస్తే. నేనడిగింది చేతులు మారితే ఏమిటని. ప్రశ్న సరిగ్గా చదవండి.

అల్లిపురం_ఇల్లాలు | రాత్రి 10:50

ఎవరు గెలిచినా సరే, ఎనిమిదిన్నరకి పిల్లల స్కూలు ఆటోలు వెళ్ళే టైములో సందులో బండి అడ్డం పెట్టకండి.

ఆటోనగర్_బుకింగ్ | రాత్రి 11:15

కోడర్ గారూ, కంటైనర్ అంటే ఇనప పెట్టె. నంబరు చూస్తే లోపల సరుకు ఎవరిదో తెలీదు. నా గోడౌనులో ఒక్కో కేసు మీదా మార్కరుతో పార్టీ పేరూ, సందు పేరూ రాసి ఉంటాయి. ఆ పేర్లే నా ఆస్తి. లారీలు బ్యాంకువి, గోడౌను అద్దెది.

ఒకసారి మోసపోయాను కాబట్టి చెబుతున్నా. కొన్నేళ్ళ క్రితం ఒక యాప్ కంపెనీ కుర్రాళ్ళు వచ్చి, ఖర్చు లేకుండా మీ బళ్ళన్నీ ఫోన్లో కనబడేలా చేస్తామన్నారు. మా గుమస్తా మూడు వారాలు కూర్చుని పార్టీల పేర్లు, ఫోన్ నంబర్లు, కేసుకి ఎంత తీసుకుంటామో అన్నీ ఎక్కించాడు. ఏడాది తిరక్కుండా వాళ్ళ బళ్ళే నేరుగా నా పార్టీల దగ్గరికి వెళ్ళాయి, కేసుకి నాలుగు రూపాయలు తక్కువకి. డాబాగార్డెన్స్ వైపు పార్టీలు సగం పోయాయి. ఆ గుమస్తాని తీసెయ్యాల్సి వచ్చింది. 14 ఏళ్ళు నా దగ్గర చేసిన మనిషి. మీకు ఇది సాఫ్ట్‌వేరు. నాకు ఆ మనిషి మొహం.

బండి_తోలేవోడు | బుధవారం, ఉదయం 5:10

నాది సొంత ట్రక్ ఆటో. మీరు ఖాళీ బండి ఖాళీ బండి అంటన్నారు గానీ, ఖాళీగా తోలడం మాకు ఇష్టమేటండి? ట్రిప్పుకి ఇంత అని కిరాయి. సగం లోడైనా అంతే, నిండినా అంతే. నిండితే ఏటవుద్దంటే, తొమ్మిది షాపుల దగ్గర ఆగాలి. ఒకాయన తాళం తియ్యడు, ఒకాయన డబ్బులు సాయంత్రం అంటాడు, ఒకాయన చోటు లేదు రేపు రమ్మంటాడు. గంటన్నర అక్కడే పోద్ది. ఆ గంటన్నరకి ఎవరిస్తారు? మీ తెర మీద ఆ గంటన్నర కూడా రాస్తారా?

కళాసీ_కొడుకు | ఉదయం 6:30

మా నాన్న జ్ఞానాపురంలో జట్టు కళాసీ, సరుకు ఎక్కించి దింపే కూలీ. నాలుగు ఆఫీసుల సరుకు ఒక బండెక్కాలంటే ఎక్కడో ఒకచోట దింపి, సందుల వారీగా ఏరి, మళ్ళీ ఎక్కించాలి. ఆఖర్న దిగేది లోపలికి, ముందు దిగేది డాలా దగ్గరికి. నూనె డబ్బాల మీద సబ్బు కేసులు పెట్టొచ్చు, సబ్బు మీద నూనె పెడితే అట్ట నలిగిపోతుంది, షాపువాడు తీసుకోడు. ఆ రెండో దింపుడు కూలీ ఏ లెక్కలో వస్తుందో ఎవరూ చెప్పట్లేదు.

సీతమ్మధార_కోడర్ | ఉదయం 9:05

న్యాయమైన ప్రశ్న. ఒకటి నేను ఒప్పుకోవాలి. యూరప్‌లో ఇలా సరుకు ఒకచోట చేర్చి పంచే కేంద్రాలు చాలా పెట్టారు. ప్రభుత్వ డబ్బు ఆగగానే వాటిలో ఎన్నో మూతబడ్డాయి, సరిగ్గా ఈ రెండో దింపుడు ఖర్చు ఎవరూ భరించక. అందుకే నేను కొత్త గోడౌను అడగట్లేదు, సమాచారం మాత్రమే కలపమంటున్నాను. ఏ ఆఫీసు బండి ఆ సందుకి ఎక్కువ కేసులతో వెళుతోందో తెలిస్తే మిగతావాళ్ళు తమ రెండు కేసులూ దాన్లోనే వేస్తారు.

పన్నుల_లెక్క | ఉదయం 9:12

వేస్తే చేతులు మారినట్టే. రాత్రి నుంచీ అదే అడుగుతున్నాను.

పూర్ణామార్కెట్_కుర్రాడు | ఉదయం 11:30

బుకింగ్ గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒక కంపెనీ మోసం చేసిందని ఊరంతా సగం ఖాళీ బళ్ళ వెనక నిలబడాలా? మీ జాబితా కాపాడుకోవడానికి మా సందు ఎందుకు నలగాలి? మీ ఆఫీసులు కలవకపోవడం వల్లే కదా రెండు కేసుల కోసం ఒక బండి వస్తోంది!

ఆటోనగర్_బుకింగ్ | మధ్యాహ్నం 12:10

రెండు కేసులు ఎందుకొచ్చాయో మీ ఇంట్లో అడిగారా?

మీ సందు నాకు తెలుసు. షాపు పేరు చెప్పను. మీ సందులో పార్టీలు కంపెనీ నుంచి 40 కేసులు తెప్పిస్తారు. లారీ దిగిన రోజున ఫోన్ చేస్తే, ‘చోటు లేదండీ, రెండు పంపండి, మిగతావి మీ దగ్గరే ఉంచండి’ అంటారు. మూడు రోజులకి ఇంకో మూడు. 40 కేసులు నా గోడౌనులో నెల రోజులు పడుంటాయి. డెమరేజీ (సరుకు ఉంచినందుకు అద్దె) అడిగితే వేరే ఆఫీసుకి పోతామంటారు. కిరాయి డబ్బులు నెలాఖరుకి. సగం ఖాళీ బండి నేను పంపింది కాదు బాబూ, మీరు పిలిపించుకున్నది. అందరం ఒకే తెర మీదికి వస్తే ముందు కనబడేది ఏమిటో తెలుసా? ఎవరి సరుకు ఎవరి గోడౌనులో ఎన్ని రోజులుగా ఉందో. దానికి మీ బజారు ఒప్పుకుంటుందా?

పూర్ణామార్కెట్_కుర్రాడు | మధ్యాహ్నం 12:25

అంటే తప్పంతా షాపులదేనా? పది అడుగుల వెడల్పు షాపులో 40 కేసులు ఎక్కడ పెట్టమంటారు? పూర్ణా మార్కెట్‌లో గోడౌను అద్దెలు మీకు తెలుసా? నెత్తిన పెట్టుకోమంటారా?

ఆటోనగర్_బుకింగ్ | మధ్యాహ్నం 12:28

నా నెత్తిన పెట్టారు కదా ఇన్నాళ్ళూ.

మోడరేటర్ | మధ్యాహ్నం 12:40

ఇద్దరూ నెమ్మదించండి. షాపుల పేర్లు, ఇళ్ళ సంగతులు వద్దు.

బండి_తోలేవోడు | మధ్యాహ్నం 2:15

బుకింగ్ గారు నిజవే చెప్పారు. ‘రెండు దింపీసి వెళ్ళిపో, మిగతావి రేపు తే’ అనే మాట నేను రోజూ వింటాను.

పూర్ణామార్కెట్_కుర్రాడు | రాత్రి 8:50

మధ్యాహ్నం కోపంగా రాశాను. సాయంత్రం నాన్న పక్కన కూర్చుని ఎల్ఆర్ కాగితాల (లారీ రసీదుల) కట్ట విప్పాను. పిన్ను తుప్పు పట్టి కాగితాలకి అంటుకుపోయింది. ఈ నెలలో వచ్చిన సరుకుల్లో ఆరు ఇంకా ట్రాన్స్‌పోర్టు గోడౌనుల్లోనే ఉన్నాయి. ఒకటి 19 రోజులుగా. నేను ఫిర్యాదు చేసిన ఆ రెండు కేసుల సబ్బులు కూడా అందులోవే. ఆ శనివారం బండి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. నాన్న అన్న మాట ఇది: ‘వాళ్ళు ఉంచుతారు కాబట్టే కదరా మనం ఈ రేటుకి అమ్మగలుగుతున్నాం.’

నా మాట మార్చుకోను, ఉమ్మడి తెర కావాలి. కానీ అందులో ఆఫీసుల లెక్కే కాదు, మా లెక్కా ఉండాలి. ఏ రోజు ఎన్ని కేసులు దింపుకుంటామో షాపులు కూడా ముందు రోజే చెప్పాలి.

సీతమ్మధార_కోడర్ | రాత్రి 9:10

పార్టీ పేరు లేకుండా చెయ్యొచ్చు. ఎల్ఆర్ నంబరు, సందు, కేసులు, బరువు. ఈ నాలుగే కనబడాలి. షాపుకి ఒక కోడు ఇస్తాం, ఆ కోడు ఎవరిదో బుకింగ్ ఆఫీసుకీ, డెలివరీ రోజున బండతనికీ మాత్రమే తెలుస్తుంది. రేటు ఎక్కడా ఉండదు.

కళాసీ_కొడుకు | రాత్రి 9:18

ఐదోది కూడా పెట్టండి, బండి ఆగిన టైమూ, కదిలిన టైమూ.

పన్నుల_లెక్క | రాత్రి 9:35

గోడౌను మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఇదీ నా ప్రశ్నలో భాగమే. 2018 సెప్టెంబరులో సర్క్యులర్ వచ్చింది, నంబరు 61. షాపువాడు సరుకుని ట్రాన్స్‌పోర్టరు గోడౌనులో ఉంచుకోవాలంటే, ఆ గోడౌనుని తన జీఎస్‌టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చూపించుకోవాలి. అప్పుడు సరుకు గోడౌను చేరగానే ఈ-వే బిల్లు గడువు సంగతి ముగిసిపోతుంది. అక్కడి నుంచి అది షాపువాడి సరుకు, లెక్క అతనూ రాయాలి, గోడౌను నడిపే ట్రాన్స్‌పోర్టరూ రాయాలి. అలా చూపించకుండా 19 రోజులు ఉంచితే, తనిఖీకి వస్తే ఇద్దరికీ ఇబ్బంది.

ఆటోనగర్_బుకింగ్ | రాత్రి 10:20

ఈ మాట మా ఆడిటరు కూడా ఎప్పుడూ చెప్పలేదు. కాగితం మీద అది మీ స్థలమైతే దానికి అద్దె కూడా కాగితం మీదే ఉండాలి కదా.

బాబూ, కట్ట విప్పి చూసి నిజం రాశావు, అది చిన్న విషయం కాదు. కోడు పద్ధతి అయితే నేను ఆలోచిస్తాను. పక్కన రెండు ఆఫీసులవాళ్ళతో కూడా మాట్లాడతాను. మీ సందు ఒక్కటే, ఒక నెల చూద్దాం. ముందు ఆ ఆరు సరుకుల సంగతి నాన్నగారిని అడిగి చెప్పు, ఏ రోజున ఎన్ని దింపుకుంటారో, అద్దె ఎంతిస్తారో. ఆదివారం నేను ఆఫీసులోనే ఉంటాను.

బండి_తోలేవోడు | రాత్రి 10:31

ఆదివారం నేనూ వస్తాను. ఆగిన గంటలకి ఎంతో అప్పుడే మాట్లాడీసుకుందాం.