ఉంగరాల జుట్టు: శాటిన్ టోపీ మన ఉక్కకి పనికొస్తుందా?

ప్రశ్న (పర్లాకిమిడి): అమెరికా నల్లజాతి ఆడవాళ్లు రాత్రి శాటిన్ టోపీ పెట్టుకుంటారట. మన ఉక్కలో కుదురుతుందా? బిగువు జడకి నుదుటి దగ్గర పలచబడుతోంది కూడా.

జవాబు: నూలు దిండు గలీబు జుట్టులోని తడిని, నూనెని పీల్చేస్తుంది, రాపిడికి కొసలు తెగుతాయి. అందుకే శాటిన్. ఉక్కగా ఉంటే టోపీ వద్దు, శాటిన్ గలీబు చాలు. తడి తలకి మాత్రం ఏదీ కట్టొద్దు. చిక్కు తీసేది కండిషనర్ ఉండగానే, వెడల్పు పళ్ల దువ్వెనతో, కొసల నుంచి పైకి.

జవాబు: అసలు సంగతి జడ, అక్కా. కుదుళ్లు నొప్పెట్టినా, చిన్న పొక్కులొచ్చినా అప్పుడే విప్పేయండి. ఏళ్ల తరబడి లాగితే కుదురు చచ్చిపోయి మళ్లీ మొలవదు.

జవాబు: స్ట్రెయిటెనింగ్ చేయించుకోమనేవాళ్లని పట్టించుకోకండి. జుట్టు తీరుని బట్టి వివక్ష కూడదని కాలిఫోర్నియా 2019లోనే క్రౌన్ చట్టం తెచ్చింది. మన పెళ్లిచూపుల దాకా ఇంకా రాలేదు లెండి.