టేకు టీ బల్ల: కాళ్లు ఎంత సన్నగా తీయొచ్చు? పైపలక ఎట్ల బిగించాలి?

ప్రశ్న (వనపర్తి):
సోఫా పక్కకు టేకుతో చిన్న బల్ల గీసుకున్న. పలక 18 ఇంచుల చదరం, ముప్పావు ఇంచు మందం. ఎత్తు 21. కాళ్లు 2 ఇంచుల చదరం, పలక కింద కాళ్లను కలుపుతూ చుట్టూ పట్టీలు 4 ఇంచులు. కాగితం మీదనే స్టూలు లెక్క ఉంది. నాజూగ్గా రావాలంటే ఎక్కడ తగ్గించాలె? పలకను పట్టీలకు ఫెవికాల్ పెట్టి స్క్రూలు దింపితే సరిపోతదా?

జవాబు (నల్లగొండ):
అన్నా, కాలు ఇంచున్నర చాలు, పట్టీ 3 ఇంచులు. పైన మూడున్నర ఇంచులు సూటిగా వదిలి, అక్కడి నుంచి కాలు కింది కొసకు వచ్చేసరికి ముప్పావు ఇంచుకు దించండి. లోపలి రెండు ముఖాలకే కోత. నాలుగు దిక్కులా కోస్తే కాళ్లు లోపలికి ముడుచుకున్నట్టు కొడతది. పట్టీలు దూరే బెజ్జాలు కాళ్లకు తొలిచినంకనే ఏటవాలు కోయాలె. ముందే కోస్తే తొలిచేటప్పుడు కాలు కుదురుగా కూర్చోదు.

కుసి (బెజ్జంలో దూరే పట్టీ కొస) 2 సూత్‌ల మందం, ఇంచు పొడవు. సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు. రెండు బెజ్జాలు కాలు లోపల కలుస్తయి కాబట్టి కుసి కొసలను 45 డిగ్రీలకు కోయండి. కాలు పై కొసన 4 సూత్‌లు తొలవకుండా వదలండి, లేకుంటే అక్కడే చీలుతది.

పలక మందం తగ్గించకండి. అంచుకు ఇంచున్నర లోపలి నుంచి అడుగున రంద పట్టి, అంచును 3 సూత్‌లకు తేండి. నిలబడి చూసేవాళ్లకు ఆ 3 సూత్‌లే కనబడతయి.

జవాబు (మహబూబ్‌నగర్):
పలకకు ఫెవికాల్ వద్దే వద్దు. మే ఎండలకు, ఆగస్టు ముసురుకు మధ్య కట్టెలో తేమ 4 శాతం మారినా 18 ఇంచుల టేకు పలక అడ్డంగా ఒక సూత్ దాకా పెరిగి తగ్గుతది. ఎండకాలం కూలర్ ఎదురుగా పెడితే ఇంకా అయోమయం. కదలనియ్యకుంటే పలకన్నా పగులుతది, పట్టీ అతుకన్నా విడుతది.

పట్టీల లోపలి ముఖానికి, పై అంచుకు 4 సూత్‌ల కింద 2 సూత్‌ల వెడల్పు గాడి తీయండి. ముప్పావు ఇంచు మందం చెక్క బిళ్లలకు నాలుక (గాడిలో దూరే సన్న కొస) కోసి గాడిలో దూర్చి, ఇంచుపావు స్క్రూతో పలకకు బిగించండి. నాలుక మీద తీసే మెట్టు 4 సూత్‌లకు వెంట్రుకవాసి తక్కువ ఉండాలె, అప్పుడే స్క్రూ తిరిగేకొద్దీ పలక పట్టీకి అతుక్కుంటది. పలక పోగుకు (కట్టె నారకు) సమాంతరంగా ఉన్న పట్టీల దగ్గర, ఎండకాలం బిగిస్తే నాలుక ఇంకా లోపలికి పోయే జాగా ఉంచండి. వానకాలమైతే లోపలికే దూర్చి పెట్టండి.

ప్రశ్న (వనపర్తి):
పాత ఇంటి దర్వాజా చెక్కలు దొరికినయి, వాడొచ్చా?

జవాబు (నల్లగొండ):
బాగ ఆరిన కట్టె, వదలొద్దు. రంద పట్టే ముందు మొలల కోసం అయస్కాంతం తిప్పండి. తెల్ల భాగం తీసేసి చేవ (నడిమి ముదురు భాగం) మాత్రమే వాడండి, పురుగు పట్టేది తెల్లదానికే. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటది, రంద బ్లేడు తొందరగా మొద్దుబారుతది, మాటిమాటికి సాన పట్టాలె. అతికేచోట రంద పట్టిన రోజే థిన్నర్‌తో తుడిచి గమ్ పెట్టండి. ఆలస్యమైతే కట్టెలోని నూనె పైకొచ్చి పట్టు దొరకదు.

జవాబు (మహబూబ్‌నగర్):
కాళ్లకు లక్క పాలిష్ అందం. పలకకు మాత్రం వద్దు, వేడి చాయ్ గ్లాసు పెడితే తెల్ల వలయం పడతది. అక్కడ పీయూ (పాలీయురేతేన్ వార్నిష్) 3 పూతలు వేయండి, మధ్యలో 320 నంబరు కాగితం. లక్క మీద పీయూ కొడదామనుకోకండి, లక్కలోని మైనం వల్ల పొరలు లేస్తది. పలక అడుగుకు కూడా అన్ని పూతలే పడాలె. ఒక పక్కే వేస్తే తేమ రెండో పక్క నుంచే ఎక్కి పలక వంగుతది.