నిరుద్యోగిత 3.2 శాతమేనా? అల్ప ఉద్యోగితను పక్కనే చూపించాలా, వద్దా?

వేణు: జాతీయ గణాంక కార్యాలయం పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఉపాధి సర్వే ప్రకారం 2017-18లో 6.1 శాతం ఉన్న నిరుద్యోగిత 2023-24కి 3.2కి దిగింది. కానీ ఆ పద్ధతిలో ఏడాదిలో ఎక్కువ కాలం పని లేకపోయినా, ఓ 30 రోజులు దొరికితే ఆ మనిషి ఉద్యోగి కిందే లెక్క. గడిచిన వారాన్నే చూసే పద్ధతిలో ఒక్క గంట పనిచేసినా చాలు. చాలీచాలని పనితో నెట్టుకొస్తున్నవాళ్లు ఎందరో కూడా అదే రోజు ప్రకటించాలని నా వాదన.

రమణి: ఒక్క గంట నియమం మన సర్కారు కనిపెట్టింది కాదండీ, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం. ఆ గంటలో జరిగిన ఉత్పత్తి జీడీపీలో చేరుతున్నప్పుడు ఆ మనిషి కూడా చేరాలిగా. పని తక్కువ కావడం, జీతం తక్కువ కావడం వేరే సమస్యలు. అన్నీ ఒకే అంకెలో కుక్కితే దానికి అర్థమే ఉండదు.

వేణు: కుక్కమనలేదండీ, పక్కన పెట్టమన్నాను. అమెరికాలో ప్రతినెలా యూ-3 అనే మామూలు నిరుద్యోగ రేటుతో పాటు యూ-6 అనే విస్తృత రేటూ ఇస్తారు. పూర్తికాలం పని దొరక్క పార్ట్‌టైమ్‌తో సరిపెట్టుకునేవాళ్లు అందులో కనిపిస్తారు. అందరికీ నిరుద్యోగ భృతి లేని మన దగ్గర ఖాళీగా కూర్చునే స్తోమత ఎవరికుంది? 2023-24లో పనిచేసేవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధి. వాళ్లలో దాదాపు మూడో వంతు సొంతింటి వ్యాపారంలోనో సేద్యంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు. డిగ్రీ అయ్యి, నోటిఫికేషన్ కోసం చూస్తూ, సాయంత్రాలు తండ్రి కొట్లో తూకం వేసే కుర్రాణ్ణి తీసుకోండి. సర్వేకి వచ్చినవాళ్లతో 'ఖాళీగా ఉన్నాడు' అనడానికి ఆ తండ్రికి నోరు రాదు. 'కొట్టు చూసుకుంటున్నాడు' అంటాడు. అంతే, వాడు ఉద్యోగి అయిపోయాడు! పనిచేసేవాళ్లలో వ్యవసాయం వాటా కూడా 2018-19లో 42.5 శాతం నుంచి 2023-24కి 46.1కి పెరిగింది. పొలంలో పని పెరిగి వెళ్లారంటే నేను నమ్మను.

సుధ: గంటలొక్కటే లెక్కపెడితే బీటెక్ చదివి రోజుకు పన్నెండు గంటలు డెలివరీ చేసే అబ్బాయి మళ్లీ జారిపోతాడు. వాడికి గంటలు తక్కువ కాలేదు, చదువుకు తగ్గ పని లేదు.

వేణు: నిజమే సుధ గారూ, దానికి వేరే కొలత కావాలి. కానీ గంటల వివరాలు, అదనపు పనికి సిద్ధమా అన్న జవాబు సర్వే ఇప్పటికే సేకరిస్తోంది. చేతిలో ఉన్నదాన్నైనా ముందు పేజీకి తెమ్మంటున్నాను.

రమణి: విడిగా, ఏళ్ల తరబడి ఒకే నిర్వచనంతో ఇస్తానంటే నాకు అభ్యంతరం లేదు. నిరుద్యోగితతో కలిపి ఒకే శాతంగా చెబితే మాత్రం ఒప్పుకోను.