లాటినోల మీద రాసిన జర్నలిజానికి పెద్ద గుర్తింపు దక్కిందా?

అమెరికాలో సరిహద్దు గొడవలు కాకుండా, లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) మామూలు బతుకు రాసినందుకు ఎవరికైనా పెద్ద అవార్డు వచ్చిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: వచ్చిందండీ. దక్షిణ కాలిఫోర్నియా లాటినోల మీద లాస్ ఏంజెలెస్ టైమ్స్ 1983లో వేసిన వరస కథనాలకు 1984లో ప్రజాసేవ విభాగంలో పులిట్జర్ ఇచ్చారు. రాసిందీ దిద్దిందీ లాటినో పాత్రికేయులే. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. బయటినుంచి తొంగిచూసి రాసినవి కావు.

జవాబు 2: లాటినో పాత్రికేయుడు రూబెన్ సలజార్‌ని మరవొద్దు. 1970 ఆగస్టు 29న తూర్పు లాస్ ఏంజెలెస్‌లో యుద్ధ వ్యతిరేక ప్రదర్శన కవర్ చేయడానికి వెళ్లి, కెఫేలో కూర్చుని ఉండగా షెరిఫ్ డిప్యూటీ పేల్చిన టియర్‌గ్యాస్ గుండు తగిలి పోయారు. ఆయన గౌరవార్థం తపాలా బిళ్ల 2008లో వచ్చింది. మరీ ఆలస్యం!

అడిగినవారు: థ్యాంక్సండీ. స్పానిష్‌లో రాసే చిన్న పత్రికల్నీ జ్యూరీలు చదవాలి. అద్దెలు, జీతాల ఎగవేత లాంటివి ముందు బయటపడేది అక్కడే.