మూతపడ్డ మిల్లు షెడ్డులో ప్లాస్టిక్ నుంచి ఆయిల్ తీసే ప్లాంటు పెట్టొచ్చా?

మిల్లుషెడ్డు:
నమస్కారం. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. నాన్న నడిపిన రైస్ మిల్లు మూతపడి ఆరేళ్లయింది. షెడ్డు, బోరు, త్రీఫేజ్ కరెంటు అన్నీ అలాగే ఉన్నాయి. మా బావగారు మిషన్లు అమ్మే ఒకతన్ని వెంటబెట్టుకొచ్చారు. ప్లాస్టిక్ చెత్తను గాలి తగలకుండా వేడి చేస్తే డీజిల్ వస్తుందట, టన్నుకు 800 లీటర్లు. చెత్తేమో మున్సిపాలిటీ వాళ్లు ఉత్తినే ఇస్తారట. అతను వేసిన లెక్కలో పెట్టుబడి ఏడాదిన్నరలో వచ్చేస్తోంది. అమ్మ మాత్రం "ఉత్తినే ఇచ్చేదాంట్లో అంత డబ్బుంటే వాళ్లే ఉంచుకునేవాళ్లు కదరా" అంటోంది. ఇందులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆదివారం లోపు బావగారికి ఏదో ఒకటి చెప్పాలి, అదో టెన్షన్.

కెమికల్ కుర్రాడు:
ఆ 800 ఎక్కడిదో నాకు తెలుసు. డెహ్రాడూన్‌లోని సీఎస్ఐఆర్-ఐఐపీ అనే ప్రభుత్వ పెట్రోలియం పరిశోధన సంస్థలో 2019లో గ్యాస్ కంపెనీ గెయిల్‌తో కలిసి ఒక ప్లాంటు మొదలుపెట్టారు. టన్ను ప్లాస్టిక్‌కి 800 లీటర్ల డీజిల్ అని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. కానీ వాళ్లు వాడేది ఏరిన పాలిథిన్, పాలీప్రొపిలీన్. పైగా ఉత్ప్రేరకం ఉంటుంది, వచ్చినదాన్ని శుద్ధి చేసే ఏర్పాటూ ఉంటుంది. మీకు అమ్మేది మంట మీద పెట్టిన డబ్బా.

పాత సూపర్‌వైజర్:
హైదరాబాద్ శివార్లలో ఇలాంటి ప్లాంటులోనే నాలుగేళ్లు షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేశాను. ముందు టైర్లు, తర్వాత ప్లాస్టిక్. ప్లాంటు పేరు అడక్కండి.

మిషన్ మోసం కాదు. రియాక్టర్ అనే పెద్ద ఇనుప డబ్బాలో సరుకు నింపి, తలుపు బిగించి, కింద మంట పెడితే 350 డిగ్రీల దగ్గర ఆవిరి మొదలవుతుంది, 450కి జోరందుకుంటుంది. అది కండెన్సర్లలో చల్లబడితే ఆయిల్. చల్లబడినా ఆయిల్ కాని గ్యాస్‌ని మళ్లీ బర్నర్‌కే పంపుతాం. అడుగున నల్ల పొడి మిగులుతుంది. ఇంతవరకు మీకు చెప్పింది నిజమే.

అతను చెప్పనిది సరుకు సంగతి. ఈ పనికి పాల కవరు బంగారం. కానీ శుభ్రమైన పాల కవరుకి దానా (ప్లాస్టిక్‌ని కరిగించి చేసే గుళికలు) చేసేవాళ్లు మనకంటే ఎక్కువ రేటు ఇస్తారు. నీళ్ల బాటిళ్లు స్క్రాప్ కొట్టుకే పోతాయి. వాళ్లంతా ఏరుకున్నాక మిగిలింది మీకు ఉత్తినే వస్తుంది. అంటే తడి, మట్టి, సాంబారు అంటిన కవర్లు, డైపర్లు. మా దగ్గర టన్ను బేళ్లు విప్పి, ఆరబెట్టి, దులిపితే 750 కిలోలు తేలిన రోజు పండగ. ఆయిల్ ఎంతొచ్చేదంటే, 450 నుంచి 550 లీటర్లు. ఆరబెట్టడానికీ ఏరడానికీ పెట్టిన కూలీ అతని కాగితంలో ఉందా? చూడండి.

అన్నిటికంటే భయం ఫ్లెక్సీలు. అది పీవీసీ. 300 డిగ్రీలైనా చేరకముందే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వదులుతుంది. ఒకసారి ఎన్నికలైన నెలలో నాయకులందరూ పార్టీ భేదం లేకుండా మా రియాక్టర్‌లోకి వచ్చారు. ఆ తర్వాత కండెన్సర్ గొట్టాలు మార్చాల్సివచ్చింది. బాటిళ్లు ఎక్కువ పడితే ఇంకో గోల, గొట్టాల్లో పొడి పేరుకుని దారి మూసుకుపోతుంది.

ఇక దాన్ని డీజిల్ అనకండి. డిసెంబరు పొద్దున్నే చూస్తే ట్యాంకులో మైనంలా పేరుకునేది. నిలవ ఉంచితే జిగురు కడుతుంది. మా డ్రైవరు ముచ్చటపడి ట్రాక్టర్‌లో పోశాడు, ఇంజెక్టర్లు పోయాయి. బాయిలర్ల వాళ్లు, రోడ్లకి తారు కలిపే ప్లాంట్ల వాళ్లు కొంటారు, అదీ ఫర్నేస్ ఆయిల్ కంటే తక్కువకే.

నేను మానేసింది జీతం కోసం కాదు. బ్యాచ్ అయ్యాక రియాక్టర్ బాగా చల్లారాలి. మా ఓనరుకి రోజుకో బ్యాచ్ దిగాలి. ఒకరోజు తెల్లవారుజామున వేడిమీదే తలుపు తీయించారు. గాలి తగలగానే లోపలి పొడి భగ్గుమంది. తలుపు తీసిన కుర్రాడికి రెండు చేతులూ కాలాయి. మూడు నెలలు వాళ్లమ్మే అన్నం కలిపి పెట్టింది. అలా అంటుకోకుండా లోపలికి వదలాల్సిన నైట్రోజన్ సిలిండర్లు ఉన్నాయి, ఖాళీవి.

మిల్లుషెడ్డు:
చాలా థ్యాంక్స్ అన్నా. షెడ్డుకి వంద గజాల్లోనే ఇళ్లున్నాయి, ఆ మాట ముందే రాయాల్సింది. అతనేమో ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది, రీసైక్లింగ్ సర్టిఫికెట్లు అమ్ముకోవచ్చు అన్నాడు. అదీ అబద్ధమేనా?

పాత సూపర్‌వైజర్:
సగం. 2022లో వచ్చిన ఈపీఆర్ (ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలే ఆ చెత్త బాధ్యత తీసుకోవాలనే) మార్గదర్శకాల్లో ప్లాస్టిక్ నుంచి ఆయిల్ తీయడాన్ని రీసైక్లింగ్ కింద లెక్కపెట్టలేదు. రోడ్లలో కలపడం, సిమెంటు బట్టీల్లో కాల్చడం సరసన, ఇక ఎందుకూ పనికిరాని ప్లాస్టిక్‌ని వదిలించుకునే దారుల్లో పెట్టారు. ముందు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర సీఎఫ్‌ఈ (ప్లాంటు పెట్టడానికి అనుమతి), సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి) రావాలి. వంద గజాల్లో ఇళ్లంటే నేనైతే అక్కడే ఆగిపోతాను. ఆ వాసన బట్టలకి పడితే మూడు ఉతుకులకీ పోదు.

ఒక పని చేయండి. మీకిస్తామన్న చెత్తే ఒక బస్తా తెచ్చి, కడిగి, ఆరబెట్టి తూచండి. తర్వాత ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేయండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పీవీసీ, బాటిల్ ప్లాస్టిక్ మునుగుతాయి. ఖర్చు ఒక పూట.

మిల్లుషెడ్డు:
చేశాం. బస్తా 22 కిలోలు. ఆరాక 14న్నర. తేలింది 9. మునిగినవాటిలో ఒక ఫ్లెక్సీ ముక్క, మా వార్డు నాయకుడి సగం మొహంతో. ఈ సరుకే మీ డెమో ప్లాంటులో వేసి చూపించమని బావగారు మిషనతనికి ఫోన్ చేశారు. "మీరు తేనక్కర్లేదు సార్, సరుకు మా దగ్గరే రెడీగా ఉంటుంది" అన్నాడట. బస్తా ఇంకా వరండాలోనే ఉంది. అమ్మ పొద్దుట్నుంచి తీసేయమని గోల.